హోటల్లో పనివాడికి జబ్బు తగిలితే: అల్లుడికి ఉత్తరం

అల్లుడూ,

పొయ్యిలు బిగించడం అయిపోయిందనీ, బోర్డు కూడా వచ్చిందనీ మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. మొన్న ఫోన్లో "మళ్ళీ కరోనాలాంటిది వచ్చి మన పనివాళ్ళలో ఒకడికి తగిలితే ఏం చేయాలి మావయ్యా" అన్నావు. కౌంటర్ దగ్గర జనం ఉండి సరిగ్గా చెప్పలేకపోయాను. హోటల్ తెరవకముందే ఆ ప్రశ్న అడిగినందుకు నీ మీద నాకు గౌరవం పెరిగింది. స్థిమితంగా రాస్తున్నాను, దగ్గర పెట్టుకో.

జ్వరం వచ్చిన కుర్రాడు ఆ మాట పొద్దున్నే నీకు చెబుతాడా, డోలో బిళ్ళ వేసుకుని డ్యూటీకి దిగిపోతాడా అన్నదే అసలు సంగతి. శానిటైజర్లు, టెంపరేచర్ చూసే గన్నులు, దూరంగా నిలబడమని నేల మీద గీసే రౌండు గీతలు అన్నీ దాని తర్వాతే. మన హోటళ్ళలో పనిచేసేవాళ్ళ బతుకు నీకు తెలియంది కాదు. సప్లయర్లకీ క్లీనర్లకీ చాలాచోట్ల వచ్చిన రోజుకే డబ్బు. శ్రీకాకుళం నుంచో, ఒరిస్సా నుంచో, బెంగాల్ నుంచో వచ్చి హోటల్ మీదున్న రూములో పక్కపక్కనే చాపలు పరుచుకుని పడుకుంటారు. ఒంట్లో బాగాలేదంటే కూలీ పోతుంది, రూము ఖాళీ చేయమంటారేమోనని భయం, ఇంటికి పంపాల్సిన డబ్బు ఆగుతుంది. ఇన్ని భయాలున్నవాడు నోరు మెదపకపోతే తప్పు వాడిది కాదు.

అమెరికాలో మేరీ మాలన్ అని ఒక వంటమనిషి ఉండేది. తనకి ఏ జబ్బూ కనబడకపోయినా ఒంట్లో టైఫాయిడ్ క్రిములుండేవి, ఆవిడ వండిన ఇళ్ళల్లో జనం పడిపోయారు. 1907లో పట్టుకెళ్ళి ఒక దీవిలో ఉంచారు. వంట పని చేయనని మాట తీసుకుని 1910లో వదిలారు. బట్టలుతికే పనికి వెళ్ళింది, అందులో వంటకొచ్చినంత డబ్బు రాలేదు. 1915లో చూస్తే పేరు మార్చుకుని న్యూయార్క్‌లో ఒక ప్రసూతి ఆస్పత్రిలో వంట చేస్తోంది, అక్కడ పాతిక మందికి టైఫాయిడ్. మళ్ళీ దీవికి పంపారు, 1938లో చనిపోయేదాకా అక్కడే ఉంది. ఆవిణ్ణి తిట్టినవాళ్ళు చాలామంది. వండొద్దని చెప్పినవాళ్ళు అంత జీతమొచ్చే ఇంకో పని చూపించి ఉంటే ఏమయ్యేదో అని నేను ఇప్పటికీ ఆలోచిస్తాను.

అందుకని పనిలో పెట్టుకున్న రోజే ప్రతివాడికీ చెప్పు: జ్వరం, దగ్గు, విరేచనాలు, ఏదొచ్చినా చెప్పిన రోజు నుంచి కూలీ ఆగదు, రూము పోదు, తిరిగొచ్చాక పని ఉంటుంది. నోటి మాటతో వదిలేయకుండా రూములో కాగితం అంటించు. తెలుగు రానివాళ్ళుంటే హిందీలోనో, ఒడియాలోనో వాళ్ళలో ఒకడి చేత రాయించు. పదిమంది పనిచేస్తుంటే నీకు ఈఎస్‌ఐ, అంటే పనివాళ్ళకి జబ్బు చేస్తే ఆదుకునే సర్కారు బీమా, తప్పనిసరి. నెలకి 21,000 లోపు జీతమున్న ప్రతివాడికీ కార్డు వస్తుంది. చందా సరిగ్గా కట్టి ఉంటే జబ్బు చేసినప్పుడు ఏడాదిలో 91 రోజుల వరకూ జీతంలో 70 శాతం ఈఎస్‌ఐ వాళ్ళే ఇస్తారు. మిగతా ముప్పై నువ్వు వేసుకుంటే వాడి పూట గడుస్తుంది. ఆ చందా మిగుల్చుకుందామని సగం మంది పేర్లు పుస్తకంలో రాయనివాళ్ళని మన ఊళ్ళోనే చూశాను. నువ్వు ఆ పని చేయవద్దు.

మా హోటల్లో కరోనా ఎలా బయటపడిందో చెబుతాను. మా వంట మాస్టరు సాంబారుకి పోపు వేస్తున్నాడు. ఆవాలు చిటపటలాడాయి, ఎండుమిర్చి నల్లబడిపోయింది, పక్కన ఉల్లిపాయలు తరిగే కుర్రాడికి ఘాటుకి దగ్గొచ్చి "మాస్టారూ, మాడిపోతోంది" అని అరిచాడు. మాస్టరు మూకుడు వైపే చూస్తున్నాడు, ఆయన ముక్కుకి ఏమీ తెలియలేదు. గిన్నెలో ఇంగువ పొడి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ పీల్చాడు. పొయ్యి ఆపేసి, చేతిగుడ్డ పక్కన పెట్టి, నా దగ్గరికి వచ్చి దూరంగా నిలబడి చెప్పాడు. జ్వరం లేదు, గన్ను పెడితే మామూలుగానే చూపించింది. వాసన తెలియకపోవడం కూడా కరోనా లక్షణమేనని కేంద్ర ఆరోగ్య శాఖ 2020 జూన్‌లో చేర్చింది. వంటవాళ్ళకి ఆ తేడా అందరికంటే ముందు తెలుస్తుంది. తాలింపు వాసన తెలియట్లేదని ఏ మాస్టరైనా అంటే తేలిగ్గా తీసుకోకు.

చెప్పిన క్షణం నుంచి నీ పని మొదలవుతుంది. వంటింట్లో అందరి ముందూ అరవకు. గాలి తగిలే వేరే గదిలో కూర్చోబెట్టు, మాస్కు ఇవ్వు, మంచినీళ్ళు ఇవ్వు. ఆ గది ఎక్కడో ఇప్పుడే అనుకో, స్టోరు రూములో బియ్యం బస్తాల మధ్య కాదు. దగ్గర్లోని ఆస్పత్రికో, ఆరోగ్య సలహా నంబరు 104కో ఫోన్ చెయ్యి. 2020 జూన్ 8న హోటళ్ళలో కూర్చుని తినడానికి మళ్ళీ అనుమతిచ్చినప్పుడు సర్కారు నియమాల్లో ఉన్నదీ ఇదే: విడిగా ఉంచు, మాస్కివ్వు, కబురు చెయ్యి, జబ్బని తేలితే శుభ్రం చేయించు.

ఒక్కటి మాత్రం ఎప్పుడూ చేయకు. చేతిలో వెయ్యి రూపాయలు పెట్టి బస్సెక్కించి ఊరికి పంపేయడం. ఆ రోజుల్లో చాలామంది ఓనర్లు అదే చేశారు, చేసి హమ్మయ్య అనుకున్నారు. ఆ బస్సులో పక్క సీటువాడి సంగతేమిటి? ఊళ్ళో ఆ పిల్లాడి ముసలి తల్లి సంగతేమిటి? మనకి చాకిరీ చేస్తూ తెచ్చుకున్న జబ్బు, మన దగ్గరే తగ్గాలి. రూములో చోటు లేకపోతే లాడ్జిలో గది తీసివ్వు. రెండు పూటలా భోజనం మన వంటింటి నుంచే వెళ్ళాలి. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపించే, వేలికి పెట్టే ఆక్సీమీటరు ఒకటి కొనిపెట్టు. కరోనాలో ఆ అంకె 94 కంటే తగ్గితే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళమనేవారు. రోజూ ఒకసారి నువ్వే ఫోన్ చేసి మాట్లాడు, వాళ్ళింటికీ కబురు చెప్పు.

తర్వాత ఎవరెవరు వాడికి దగ్గరగా ఉన్నారో చూడాలి. లక్షణాలు కనబడ్డానికి రెండు రోజుల ముందు నుంచి లెక్క. ఒకే బల్ల మీద కూరగాయలు తరిగినవాళ్ళు, కలిసి భోంచేసినవాళ్ళు, పక్క చాప మీద పడుకున్నవాళ్ళు. హాలు కంటే రూములోనే ఎక్కువ అంటుకుంటుందని గట్టిగా గుర్తుపెట్టుకో. డ్యూటీల పుస్తకం రోజూ రాయించు, లేకపోతే ఆ రోజు ఎవరి జ్ఞాపకం వాళ్ళదే. అలాంటి కాలంలో మనుషుల్ని రెండు జట్లుగా విడగొట్టు, రెండూ ఒకచోట తినకుండా, ఒక రూములో పడుకోకుండా చూడు. అప్పుడు ఒక జట్టు మొత్తం ఆగిపోయినా రెండోది పొయ్యి వెలిగిస్తుంది. రెండూ కలిసిపోయి ఉంటే కొన్నాళ్ళు మూసెయ్యాల్సిందే, బేరం పోతుందని వెనకాడకు.

శుభ్రం చేయడం గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. ముందు సబ్బునీళ్ళు, తర్వాత క్రిముల్ని చంపే ఒక శాతం హైపోక్లోరైట్ మందు, స్టీలు బల్లల్నీ గిన్నెల్నీ మళ్ళీ మంచినీళ్ళతో కడగాలి. ఆ మందు మనుషుల మీద చల్లొద్దని 2020 ఏప్రిల్లోనే కేంద్రం చెప్పింది. అంతకంటే ముఖ్యం గాలి. చైనాలో గ్వాంగ్‌జౌ నగరంలో 2020 జనవరిలో ఒక రెస్టారెంటులో కిటికీలు లేని అంతస్తులో ఏసీ గాలి వరసలో ఉన్న మూడు బల్లల్లో పదిమందికి కరోనా తేలింది, సప్లయర్లలో ఒక్కరికీ రాలేదు. హాలుకి కిటికీలు పెట్టించమని ఇంజినీరుతో చెప్పావా? చెప్పకపోతే రేపే చెప్పు.

కస్టమర్లకి చెప్పాలా అని కూడా అడిగావు. చెప్పాలి. దాస్తే పక్క కిళ్ళీకొట్టు నుంచి పదింతలై బయటికొస్తుంది. 2020 ఏప్రిల్లో ఢిల్లీ మాలవీయ నగర్‌లో పిజ్జాలు ఇచ్చే కుర్రాడికి కరోనా వచ్చిందని 72 కుటుంబాల్ని ఇళ్ళల్లో ఉండమన్నారు. దేశమంతా బెంబేలెత్తింది. ఆ రోజుల్లోనే తెలంగాణలో ఏప్రిల్ 20 నుంచి స్విగ్గీ, జొమాటో ఆపేశారు. జనం భయాన్ని తేలిగ్గా చూడకు. "మా సిబ్బందిలో ఒకరికి జబ్బు తేలింది, ఫలానా తేదీల్లో డ్యూటీలో ఉన్నారు, శుభ్రం చేయించాం, ఫలానా రోజు తెరుస్తాం" అని బోర్డు మీద రాసి పెట్టు. పేరు రాయకు, ఊరు రాయకు, వాట్సాప్‌లో ఫొటో తిరగనివ్వకు. ఎవరైనా "ఎవడు వాడు" అని అడిగితే చెప్పనని చెప్పు.

తగ్గి తిరిగొచ్చినప్పుడు నెగెటివ్ కాగితం తెమ్మని వేధించకు. తగ్గిన చాలా రోజులకి కూడా పరీక్షలో పాజిటివ్ చూపించేది కరోనా. డాక్టరు ఎప్పుడు పనికి రావచ్చంటే అప్పుడు రానివ్వు. వచ్చీ రాగానే పెనం ముందు నిలబెట్టకు, ఆ సెగకి ఆయాసం వస్తుంది. కొన్నాళ్ళు పార్సిళ్ళు కట్టే పనో, కౌంటర్ పనో ఇవ్వు. మిగతావాళ్ళు వాడి గ్లాసు పక్కన పెట్టడం, భోజనానికి దూరంగా కూర్చోవడం చేస్తారు. మా మాస్టరు తిరిగొచ్చిన రోజు నేను ఆయన పక్కనే కూర్చుని భోంచేశాను, ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు.

ఆహార లైసెన్సు కోసం పనివాళ్ళందరికీ ఏటా డాక్టరు పరీక్ష ఎలాగూ చేయించాలి. ఆ డాక్టరు నంబరు వంటింటి గోడ మీద పెద్దక్షరాలతో రాయించు. ఈఎస్‌ఐ సంగతి తెరిచాక చూద్దామని ఆగకు, మీ ఆడిటర్ని ఈ వారమే కలువు. పనివాళ్ళ ఆధార్ జిరాక్సులు, బ్యాంకు పాసుపుస్తకాల జిరాక్సులు తీసుకెళ్ళు. రూము నేను వచ్చే నెల్లో వచ్చి చూస్తాను, అప్పటిదాకా అందులో నలుగురికి మించి పడుకోనివ్వకు.

అమ్మని అడిగానని చెప్పు.

నీ మావయ్య