హెలికాప్టర్‌లో కరోనా రోగి: పైలట్‌ సంగతేంటి?

ప్రశ్న: మా సిరొంచ నుంచి కరోనా రోగిని హెలికాప్టర్‌లో నాగపూర్ తీసుకెళ్తే, అంత ఇరుకులో పైలట్‌కు అంటుకోదా?
– ఒక పాఠకుడు, గడ్చిరోలి జిల్లా

జవాబు: అంటుకోవచ్చు. మధ్యలో తెర కడతారు గానీ, అంతకన్నా గాలి వాటం ముఖ్యం: పైలట్ వైపు నుంచి రోగి వైపుకే పోవాలి. లోపలి గాలినే తిప్పే ఏర్పాటు ఆపి బయటి గాలి తీసుకోవాలి. పైలట్‌కూ, సిబ్బందికీ ఎన్‌95 మాస్కు. గడ్డం ఉంటే అంచు అతకదు, పక్కల నుంచి గాలి దూరుతుంది. రోగికి శ్వాసగొట్టం వేయాల్సి వస్తే ఎగరకముందే వేయాలి. వెంటిలేటర్ గొట్టానికి రోగి నోటి దగ్గరే వైరస్ ఫిల్టర్ ఉండాలి. గొట్టం విప్పేముందు దాన్ని నొక్కి మూసే క్లాంపు బిగించకపోతే ఊపిరంతా క్యాబిన్‌లోకే.

అసలు పొరపాట్లు శుభ్రం చేసేటప్పుడే. బ్లీచింగ్ నీళ్లు అల్యూమినియాన్ని తినేస్తాయి. స్పిరిట్ తగిలిన అక్రిలిక్ (ఒక రకం ప్లాస్టిక్) అద్దం సన్నని పగుళ్లతో మసకబారుతుంది. హెలికాప్టర్ తయారీదారు ఒప్పుకున్న మందులో తడిపిన గుడ్డతో తుడవాలి. పిచికారీ కొడితే స్విచ్‌ల సందుల్లోకి దిగుతుంది. హెడ్‌సెట్ మైకు స్పాంజిని మాత్రం ఎవరూ పట్టించుకోరు, నోటి దగ్గర ఉండేది అదే!