ట్యాగ్ మీద ఆ ఇంటూ గుర్తు ఎందుకున్నది?

ప్రశ్న: నమస్తే సార్, మాది హన్మకొండ. నర్సరీల వీపింగ్ విల్లో, అదే కొమ్మలు కిందికి వేలాడే చెట్టు మొక్క కొన్న, ట్యాగ్ మీద సాలిక్స్ × సెపుల్క్రాలిస్ 'క్రైసోకోమా' అని ఉన్నది. మా తమ్ముడేమో అది తప్పు, సాలిక్స్ బాబిలోనికా అని రాయాలె అంటున్నడు. ఏది కరెక్టు? ఇంటి ముందు పెడ్తే బతుకుతదా?

జవాబు: రెండు పేర్లూ కరెక్టే, కాకపోతే రెండు వేరే వేరే చెట్లవి. బాబిలోనికా చైనా చెట్టు, అసలు జాతి. 1753ల మొక్కలకు శాస్త్రీయ పేర్లు పెట్టిన లినేయస్ పుస్తకంల ఆ పేరు ఎక్కింది, బైబిల్ 137వ కీర్తనల బబులోను నదుల కాడ నిరవంజి చెట్లకు సితారాలు తగిలించినమని ఉంటది కదా, ఆ చెట్టు ఇదే అనుకున్నరు, నిజానికి యూఫ్రటిస్ ఒడ్డున ఉండేది పాప్లర్ జాతి. అయినా పేరు మార్చలే, ముందు పెట్టిన పేరే నిలవాలన్నది రూలు.

ఈ బాబిలోనికాకు, యూరప్ తెల్ల విల్లో సాలిక్స్ ఆల్బాకు పుట్టిన సంకరమే మీ ట్యాగ్ మీదున్నది. × గుర్తు సంకరమని చెప్పేటందుకే, దాన్ని అక్షరం లెక్క చదవొద్దు, పేరు రాసేటప్పుడు వదిలేయనూ వద్దు. సెపుల్క్రాలిస్ అన్న పేరు 1890ల హంగేరీ శాస్త్రవేత్త సిమోన్‌కై పెట్టింది. ఇగ కొటేషన్ల ఉన్న 'క్రైసోకోమా' అంటే ఆ సంకరంలకెల్లి ఏరి పెంచిన ఒక్క రకం, కొమ్మ కటింగ్‌తోటి పెంచితేనే ఆ పేరు చెల్లుతది, గింజతోటి మొలిపించిన మొక్కకు పెట్టొద్దు. ఇదే చెట్టును ఆల్బా 'ట్రిస్టిస్' అని కూడా అమ్ముతరు, అందుకే ఇంత గందరగోళం.

ట్యాగ్‌ను నమ్మేముందు మొక్కను చూడుండ్రి. లేత కొమ్మలు పసుపుపచ్చగా మెరుస్తే క్రైసోకోమా కావొచ్చు, బాబిలోనికావి గోధుమ రంగు కలిసిన పచ్చగా ఉంటయి. మొగ్గ దగ్గర గోరు పెట్టి చూస్తే ఒక్కటే పొర టోపీ లెక్క కప్పి ఉంటది, విల్లోకు అది గట్టి గుర్తు. ఆకు నలిపితే ఘాటు వాసనొచ్చి, ఎర్ర బ్రష్ పూలు పూస్తే అది విల్లో కానే కాదు, వేలాడే బాటిల్ బ్రష్, దాన్ని కూడా విల్లో అనేటోళ్లున్నరు.

బతుకుడు సంగతంటరా, క్రైసోకోమా చలి దేశాలకు అలవాటైన చెట్టు, మన మే నెల ఎండల దానికి మస్తు కష్టం, వేడికి బాబిలోనికానే కొంత నయం. ఏదైనా సరే ఇంటి ముందు మాత్రం వద్దు, నీళ్ల కోసం వేర్లు దూరం పోతయి, పగులున్న డ్రైనేజీ పైపు దొరికితే లోపలికి దూరుతయి. మీకు చెలక ఉంటే బాయి కాల్వ పక్కన, తేమ ఆరని చోట పెట్టుండ్రి, మొదటి రెండు ఎండాకాలాలు చెట్టు మొదట్ల గడ్డి పరిచి నీళ్లు ఆపకుండ్రి.