బటన్ రంగు ఎక్కడికి పోయింది?

ప్రశ్న: సార్, రైస్ మిల్లు కోసం రియాక్ట్ (వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ)తో వెబ్‌సైట్ చేస్తున్నాను. సైట్‌లో ఆకుపచ్చగా ఉన్న బటన్ స్టోరీబుక్‌లో బోసిగా కనిపిస్తోంది. రెండు రోజులుగా ఒకటే టెన్షన్.
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: మీ బటన్ కోడ్‌లో తప్పు ఉండకపోవచ్చమ్మా. స్టోరీబుక్ మీ సైట్‌ను తెరవదు, బటన్ లాంటి ఒక్కో భాగాన్ని, అంటే కాంపొనెంట్‌ను, విడిగా తీసి చూపించే పనిముట్టు అది. సైట్ మొదలయ్యే ఫైల్‌లో మీరు ఇంపోర్ట్ చేసిన సీఎస్ఎస్ (రంగులు, రూపం చెప్పే ఫైల్) స్టోరీబుక్ దాకా రాదు. ప్రాజెక్ట్‌లో చుక్కతో మొదలయ్యే స్టోరీబుక్ ఫోల్డర్ ఉంది కదా, అందులోని ప్రివ్యూ ఫైల్‌లో అన్నిటికంటే పైన ఆ సీఎస్ఎస్‌ను ఇంపోర్ట్ చేయండి. మెయిన్ ఫైల్‌లో కాదు. స్టోరీలు (కాంపొనెంట్‌ను ఒక్కో స్థితిలో చూపే చిన్న కోడ్‌లు) ఎక్కడున్నాయో, ఏ యాడాన్లు (అదనపు సౌకర్యాలు) కావాలో చెప్పడానికే అది. నల్లగొండలో నా మొదటి ప్రాజెక్ట్‌కు మెయిన్‌లోనే రాసి ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను.

రంగు వచ్చాక ఆగిపోకండి. బటన్ మామూలుగా ఉన్నప్పుడు ఒక స్టోరీ, నొక్కడానికి వీల్లేనప్పుడు ఇంకొకటి, 'తూకం చీటీ భద్రపరచు' లాంటి పొడుగు మాటకు మరొకటి రాయండి. తెలుగు మాటలే పెట్టి చూడండి. ఇంగ్లిష్‌కు సరిపోయిన ఎత్తులో మన ఒత్తులు కింద తెగిపోవడం చాలాసార్లు చూశాను. అది మిల్లు గుమాస్తా కంటే ముందు మీ కంటపడాలి.