గుంటూరులో ఇంటి వడ్రంగి పనికి ఎలాంటి ఎయిర్ కంప్రెసర్ కొనాలి?

గుంటూరు బ్రాడీపేటలో మీ కారు షెడ్డునే వడ్రంగి పనికి వాడుకుంటున్నారని, స్టూళ్ళకు, చిన్న బీరువాలకు స్ప్రే చేయడానికి, అప్పుడప్పుడు గాలి గన్‌తో మేకులు కొట్టడానికి, పొట్టు ఊదడానికి కంప్రెసర్ కావాలని రాశారు. 24 లీటర్ల ట్యాంకు సరిపోతుందా, 50 లీటర్లది తీసుకోవాలా, ఇంటి సింగిల్ ఫేజ్ కరెంటు దానికి ఆగుతుందా అన్నవి మీ ప్రశ్నలు. విజయవాడ పటమటలో మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో నేను పదకొండేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. ఇంతవరకు రెండు కంప్రెసర్లు వాడాను. మొదటిది తప్పుగా ఎంచుకున్నాను కనుక దానితోనే మొదలుపెడతాను.

అది 24 లీటర్ల ట్యాంకుతో, మోటారునే నేరుగా పంపుకు బిగించిన, ఆయిల్ అక్కరలేని రకం. డబ్బా మీద 2 హెచ్‌పీ అని ఉండడం, షాపులో ఇంటి పనికి ఇదే ఎక్కువని చెప్పడం విని తీసుకున్నాను. మేకులు కొట్టినంత కాలం ఏ లోటూ కనిపించలేదు. ఒక బీరువా తలుపుకు స్ప్రే మొదలుపెట్టిన రోజున మాత్రం, తలుపు సగం దాటేసరికి మంచులా సన్నగా పడుతున్న తుంపర చుక్కలు చుక్కలుగా పడసాగింది. ఆరిన తరువాత చూస్తే తలుపు పై సగం అద్దంలా, కింది సగం బత్తాయి తొక్కలా ఉంది. ఆ సగాన్ని మళ్ళీ గీకి, రుద్ది, రంగు వేయడానికి రెండు రోజులు పట్టింది.

నేను హెచ్‌పీ చూశాను, ట్యాంకు చూశాను, పంపు నిమిషానికి ఎంత గాలి ఇస్తుందో చూడలేదు. లెక్క చాలా తేలిక. 24 లీటర్ల ట్యాంకులో ఒత్తిడి 8 బార్ (బార్ అంటే గాలి ఒత్తిడి కొలత) నుంచి 3 బార్‌కు దిగేలోపు మనకు ఇచ్చే గాలి 24ను 5తో గుణిస్తే వచ్చే 120 లీటర్లు మాత్రమే. నా స్ప్రే గన్ నిమిషానికి దాదాపు 200 లీటర్లు తాగుతుంది, ఆ పంపు నికరంగా ఇచ్చేది 100 లీటర్లు. అంటే ప్రతి నిమిషం 100 లీటర్ల లోటును ట్యాంకు పూడ్చాలి, కాబట్టి కొంచెం అటూ ఇటూగా ఒక నిమిషానికి అది చేతులెత్తేస్తుంది. బీరువా తలుపు ఒక నిమిషంలో పూర్తి కాదు. ట్యాంకు పెద్దదైతే ఆ గడువు పెరుగుతుందే తప్ప పంపు బలహీనత పోదు.

అందువల్ల ముందు మీ స్ప్రే గన్‌తో వచ్చిన కాగితంలో అది ఎంత గాలి అడుగుతుందో చూడండి. సి.ఎఫ్.ఎం.లో, అంటే నిమిషానికి ఇన్ని ఘనపుటడుగులని రాసి ఉంటే 28తో గుణిస్తే నిమిషానికి లీటర్లు వస్తాయి. కంప్రెసర్ రేకు మీద రాసే సి.ఎఫ్.ఎం. చాలా వాటిలో పిస్టన్ పీల్చే గాలి లెక్క. బయటికి వచ్చేది అంతకన్నా తక్కువ, కనీసం 30 శాతం తగ్గించి చూసుకోవడం మేలు. రేకును నమ్మనక్కర లేకుండా షాపులోనే తేల్చుకునే పద్ధతి ఒకటుంది. గాలి ఎక్కడా వదలకుండా మిషన్ ఆన్ చేయించి, ముల్లు 6 బార్ నుంచి 8 బార్‌కు చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోనులో కొలవండి. 50 లీటర్ల ట్యాంకులో ఆ రెండు బార్‌ల తేడా అంటే 100 లీటర్ల గాలి. అది 40 సెకన్లలో నిండితే ఆ పంపు నిమిషానికి 150 లీటర్లు ఇస్తున్నట్టు. నా రెండో కంప్రెసర్‌ను ఆటోనగర్‌లో ఈ విధంగా కొలిచిన తరువాతే కొన్నాను. అది 2 హెచ్‌పీ మోటారు, బెల్టుతో తిరిగే పోత ఇనుము పంపు, 100 లీటర్ల ట్యాంకు. పంపు నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి చప్పుడు తక్కువ, మధ్యాహ్నం పూట పక్కింటివారికి ఇబ్బంది కలగడం లేదు.

మీకు మేకులు, పొట్టు వరకే అయితే 24 లీటర్లది చాలు. స్ప్రే కూడా ఉంది కనుక బెల్టు పంపు ఉన్న 2 హెచ్‌పీ కి తగ్గవద్దు. ట్యాంకు కనీసం 50 లీటర్లు, చోటు ఉంటే 100. గాలితో నడిచే శాండర్ (చెక్కను రుద్ది నునుపు చేసే మిషన్) జోలికి వెళ్ళకండి, దాని ఆకలి తీర్చాలంటే ఇంట్లో పెట్టుకోలేనంత పంపు కావాలి. కరెంటు శాండర్ ఆ పనిని హాయిగా చేస్తుంది.

ఇంటి కరెంటు విషయంలో భయం అక్కరలేదు. 2 హెచ్‌పీ మోటారు నడుస్తున్నప్పుడు సుమారు 10 ఆంపియర్లు తీసుకుంటుంది. కానీ స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది కనుక, దీనికొక్కదానికే మీటరు బోర్డు నుంచి మందమైన వైరు, సి రకం ఎం.సి.బి. (ఆ క్షణపు లాగుడుకు పడిపోని ఆటోమేటిక్ స్విచ్) వేయించండి. ఎక్స్‌టెన్షన్ బాక్సుతో ఎప్పుడూ నడపవద్దు. దూరం కావాలంటే కరెంటు వైరును కాక గాలి గొట్టాన్ని పొడిగించుకోవాలి. మిషన్ ఆగినప్పుడు "తుస్సు" మని కొద్దిగా గాలి వదలాలి. ఆ శబ్దం రాకపోతే పంపు మీద ఒత్తిడి అలాగే నిలిచి, సాయంత్రం వోల్టేజీ తగ్గిన వేళ మోటారు తిరగలేక గుర్రుమంటూ వేడెక్కుతుంది.

మన కృష్ణా తీరంలో ఇంకొక శత్రువు నీరు. శ్రావణ భాద్రపదాల ఉక్కలో గంటసేపు పని చేస్తే ట్యాంకులో, గొట్టంలో కలిపి ఒక టీ గ్లాసు నీరు చేరుతుంది. నేను ప్రతి సాయంత్రం కింది కాక్ విప్పుతాను. డికాక్షన్ రంగులో తుప్పు నీరు ముందు బుడబుడమని వచ్చి, తరువాతే పొడి గాలి వస్తుంది. నీటిని పట్టే ఫిల్టరును చాలామంది ట్యాంకు పక్కనే బిగిస్తారు. అక్కడ గాలి ఇంకా వేడిగా ఉండి తేమ ఆవిరిగానే దాటిపోతుంది. ఎనిమిది పది మీటర్ల గొట్టం తరువాత, గన్‌కు దగ్గరగా పెడితే ఈలోగా గాలి చల్లబడి నీరు చిక్కుతుంది. ముసురు రోజున పాలిష్ తెల్లబారడానికి మాత్రం చుట్టూ ఉన్న తేమ కారణం, దానిని ఏ ఫిల్టరూ ఆపలేదు. ఆ రోజు స్ప్రే మానుకోవడమే దారి.

సెకండ్ హ్యాండ్‌ది చవకగా దొరుకుతుందని మీరు చివర రాశారు. పంపు అరిగితే రింగులు మార్చుకోవచ్చు, మోటారు కాలితే వైండింగ్ చేయించుకోవచ్చు. కానీ తుప్పు ట్యాంకును లోపలి నుంచి, అడుగు భాగాన తింటుంది, బయట కొత్త రంగు మెరుస్తూనే ఉంటుంది. అడుగున వెల్డింగ్ మచ్చ కనిపించినా, సేఫ్టీ వాల్వు రింగు లాగితే గాలి రాకపోయినా, ఎంత తక్కువకు ఇస్తామన్నా దానిని మీ ఇంటికి తీసుకురావద్దు.