హామ్లెట్ ప్రార్థనలో ఉన్న క్లాడియస్‌ను ఎందుకు చంపలేదు? అది పిరికితనమా, దయా?

"చేతిలో కత్తి ఉంది, తండ్రిని చంపినవాడు ఒంటరిగా మోకాళ్ల మీద ఉన్నాడు, అయినా హామ్లెట్ వెనక్కి తగ్గాడు. పిరికివాడనాలా, దయగలవాడనాలా?" అని అడిగారు. షేక్‌స్పియర్ నాటకంలో హామ్లెట్ డెన్మార్క్ యువరాజు. క్లాడియస్ అతని చిన్నాయిన, అన్నను చంపి సింహాసనాన్నీ వదిననూ తనవి చేసుకున్నవాడు. మీ ప్రశ్నకు రెండూ కాదంటాను. నాటకం మొత్తంలో అతని మనసు అన్నిటికంటే నల్లగా ఉన్నది ఆ క్షణంలోనే. ఈ మాట పుస్తకం చదివి నేర్చుకున్నది కాదు. నా సంగతి చెప్తే గానీ మీకు అర్థం కాదు.

మాది నల్లగొండ జిల్లా, దేవరకొండ వైపు. మా నాయినకు సదువు రాదు. పంట లోను కాగితాలని చెప్పి చిన్నాయిన ఆయన చేత వేలిముద్రలు వేయించుకున్నాడు. అవి రోడ్డు పక్కనున్న రెండెకరాల అమ్మకం కాగితాలని ఏడాది తర్వాత తెలిసింది. నాయిన పంచాయితీకి పోలేదు. అరుగు మీద కూర్చుని తన బొటనవేలు వైపు చూస్తుండేవాడు. ఎనిమిది నెలలకు గుండె ఆగి పోయాడు. నేనప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం.

దినాలు కూడా కాలేదు, ఊళ్లో మొదలైంది. "నీ నాయిన పాణం తీసింది వాడే. కొడుకువైతే ఊకుంటవా?" నాటకంలో ఈ మాట తండ్రి దయ్యం వచ్చి అంటుంది. నాతో హోటల్ కాడ కూర్చున్న పెద్దమనుషులు అన్నారు. ఆ దయ్యం ఇంకో మాట కూడా అంటుంది, దాన్ని చాలామంది దాటేస్తారు. పగ తీర్చుకో, కానీ నీ మనసు మాత్రం మైలపడనీయకు అంటుంది. ఆ రెండు పనులూ ఒక్క మనిషి వల్ల అయ్యేవి కావు. నాటకమంతా ఆ ఒక్క షరతు చుట్టే తిరుగుతుందని నాకనిపిస్తుంది.

మరుసటి మాఘమాసంలో చెర్వుగట్టు జాతరకు పోయాం. నార్కట్‌పల్లి దగ్గర గుట్ట మీద జడల రామలింగేశ్వరస్వామి గుడి. అగ్నిగుండాలు చూడటానికి జనం విరగబడతారు. తెల్లవారుజామున గుడి వెనక బండ మీద చిన్నాయిన ఒక్కడే కనిపించాడు. కళ్లు మూసుకుని, చేతులు జోడించి, పెదాలు కదుపుతున్నాడు. మెడ మీద కొత్త తువ్వాల, దాని అంచుకు దుకాణం చీటీ ఇంకా పీకలేదు. రెండడుగుల అవతల బండ నిట్టనిలువుగా దిగుతుంది. నా చెయ్యి ఆయన వీపుకు జానెడు దూరం దాకా పోయింది.

ఆగాను. ఎందుకో చెప్తాను. "ఇట్ల చస్తే వీడు బాగుపడ్డట్టే. దేవుని గుట్ట మీద పాణం పోయింది, పుణ్యాత్ముడు అంటరు. మా నాయిన ఏడ్చి ఏడ్చి పోయిండు, వీడు మొక్కుతూ పోవాల్నా?" అనుకున్నాను. ఇంతకంటే ఘోరంగా ఏడవాలి వాడు, అనుకుని గుట్ట దిగాను. ఆ తర్వాత ఎవరో "నువ్వు మంచోనివి, ఓర్సుకున్నవ్" అంటే తల కూడా ఊపాను.

నాలుగేళ్లకు ఎం.ఏ.లో మూడో అంకం మూడో రంగం చదువుతుంటే ఒళ్లు చల్లబడింది. హామ్లెట్ అన్నది సరిగ్గా అదే. నా తండ్రిని పాపాలు కడుక్కునే వ్యవధి కూడా ఇవ్వకుండా చంపినవాణ్ణి, ప్రార్థనలో చంపి స్వర్గానికి పంపితే అది పగ కాదు, కూలి ఇచ్చినట్టు అంటాడు. తాగి పడుకున్నప్పుడో, జూదంలోనో, బూతులు తిడుతున్నప్పుడో చంపి నరకానికి పంపాలంటాడు. 1765లో షేక్‌స్పియర్ నాటకాలను పరిష్కరించి అచ్చువేసిన శామ్యూల్ జాన్సన్, ఈ మాటలు చదవడానికి గానీ పలకడానికి గానీ వీల్లేనంత భయంకరమైనవి అని రాశాడు. తర్వాతి తరం ఇంగ్లీషు కవి, విమర్శకుడు కోల్‌రిజ్ ఒప్పుకోలేదు. చంపడం ఇష్టంలేక వాయిదా వేసుకుంటున్నాడు, అంతేనన్నాడు. నేను జాన్సన్ పక్షం. ఆ బండ మీద నాకు ఇష్టంలేకపోవడం ఏమీ లేదు. చావు చాలదనిపించింది, అంతే.

అసలు దెబ్బ హామ్లెట్ వెళ్లిపోయాక తగులుతుంది. క్లాడియస్ లేచి, మాటలు పైకి పోతున్నాయి గానీ మనసు కిందనే ఉందంటాడు. అంతకుముందే తనను తాను అడుగుతాడు: అన్నను చంపి సంపాదించిన కిరీటం, రాణి రెండూ దగ్గర పెట్టుకుని క్షమాపణ పొందవచ్చా అని. అంటే ఆ ప్రార్థన ఫలించనే లేదు. హామ్లెట్‌కు అది తెలియదు. ఎదుటివాడి లోపల ఏముందో తెలియకుండానే, వాడు ఏ లోకానికి పోవాలో తీర్పు చెప్పేశాడు. చిన్నాయిన ఆ రోజు ఏం మొక్కాడో నాకూ తెలియదు. భూమి మాత్రం ఇప్పటికీ ఆయన పేరు మీదనే ఉంది.

ఇక్కడితో పుస్తకం మూయొద్దు, వెంటనే నాలుగో రంగం చదవండి. కళ్లెదుట ఉన్నవాడి మీద లేవని కత్తి, తల్లి గదిలో తెర వెనక ఎవరున్నారో చూడకుండానే లేస్తుంది. అక్కడ దాక్కున్న రాజు సలహాదారు పొలోనియస్ చచ్చిపోతాడు. దాంతో అతని బిడ్డ ఒఫీలియాకు మతి చలిస్తుంది, నీళ్లలో పడి పోతుంది. కొడుకు లేయర్టీస్ తండ్రి కోసం పగబట్టి వస్తాడు. నిన్నటిదాకా తండ్రిని పోగొట్టుకున్న కొడుకు హామ్లెట్. ఇవాళ ఇంకో కొడుక్కి అతనే హంతకుడు.

నేను తెర వెనక ఎవరున్నారో తెలిసే పొడిచాను. మరుసటి ఎండాకాలం చిన్నాయిన బిడ్డకు మిర్యాలగూడ వైపు సంబంధం కుదిరేలా ఉండె. పిల్లవాడి తరఫు మనిషి నాకు ఎరుకే. "ఆ పిల్లకు ఫిట్స్ వస్తయట, దాచిపెడుతున్నరు" అని ఒక్క మాట చెవిన వేశాను. అబద్ధం. సంబంధం తప్పిపోయింది. తర్వాత రెండేళ్లు ఆ ఇంటి గడప ఎవరూ తొక్కలేదు. చిన్నాయిన ఏడ్చాడని విన్నప్పుడు నాకు సంతోషమైంది, అబద్ధమెందుకు. చిన్నప్పటి నుంచి నాకు రాఖీ కట్టిన చెల్లె ఆమె.

అంతకుముందే అమ్మ నాకు ఒక మాట చెప్పింది. ఊరోళ్లు నన్ను ఎగదోస్తున్నారని తెలిసి, మూలకు మంచంలో ఉన్న నాయనమ్మను చూపించి, "ముసల్దానికి ఒక కొడుకు పోయిండు. ఉన్నొక్కణ్ణి గూడ తీస్తవా?" అంది. పోతన భాగవతంలో ద్రౌపది అట్లాగే మాట్లాడుతుంది. నిద్రపోతున్న కొడుకులను చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చి ముందు పడేస్తే, పసిపిల్లలను చంపడానికి నీ చేతులెట్లా ఆడాయని అడుగుతుంది. ఆ తర్వాత, నేను ఏడుస్తున్నట్టు వీడి తల్లి ఏడవొద్దు, విడిచిపెట్టమంటుంది. హామ్లెట్ పక్కన అట్లా చెప్పేవాళ్లు ఒక్కరూ లేరు. నా పక్కన ఉంది. నేను ఆ మాటలో "చంపొద్దు" అన్నంత వరకే విన్నాను.

కాబట్టి మీ జవాబులో దయ అని రాయకండి. చివరి రంగంలో విషపు కత్తి గాయాలతో చస్తూ లేయర్టీసే క్షమాపణలు ఇచ్చిపుచ్చుకుందామని అడుగుతాడు, హామ్లెట్ ఒప్పుకుంటాడు. అప్పటికి ఇద్దరికీ మిగిలింది కొద్ది నిమిషాలే.

ఆలస్యంగానైనా చెల్లెకు వేరే చోట పెండ్లయింది. మూడేళ్ల కింద, రాఖీ పున్నానికి ముందు రోజు వాళ్లింటికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. చాటలో బియ్యం ఏరుతోంది. "ఫిట్సా?" అని ఒక్కసారి తలెత్తింది. మళ్లీ వంచి, ఏరిన బియ్యమే ఏరుతూ కూర్చుంది. చీకటి పడ్డా లైటు వేయలేదు. తెల్లారి రాఖీ కట్టలేదు. ఈ ఏడు కూడా పోయాను, ఛాయ్ ఇచ్చింది.