యూనివర్సిటీ అధికారిక రంగులతో గ్రాఫులు గీయడానికి పాలెట్‌ను (రంగుల జాబితాను) కోడ్‌లో ఎలా రాసుకోవాలి?

మీ ప్రశ్నలో రెండు విషయాలున్నాయి. మిషిగన్ యూనివర్సిటీ రంగులను ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక వెక్టర్‌గా (విలువల వరుసగా) రాసుకుని, గ్రాఫులు గీసే ప్యాకేజీ జీజీప్లాట్2కు ఇస్తే బార్లన్నీ బూడిద రంగులో వస్తున్నాయి, ఎందుకన్నది మొదటిది. అవే రంగులతో హీట్‌మ్యాప్ (విలువల ఎక్కువతక్కువలను రంగుల్లో చూపే పట్టిక) చేయవచ్చా అన్నది రెండోది. నేను అమెరికాలోనే మరో యూనివర్సిటీలో, విద్యార్థుల గణాంకాలు చూసే విభాగంలో కొన్నేళ్లు ఈ పనే చేశాను. మా రంగులు వేరైనా, పడిన తిప్పలు ఇవే.

బార్లు బూడిద రంగులోకి మారడానికి కారణం మీ రంగులు కాదు, వాటికి మీరు పెట్టిన పేర్లు. మీ వెక్టర్‌లో ఒక విలువకు 'మెయిజ్' (మొక్కజొన్న పసుపు) అని, మరొకదానికి 'బ్లూ' అని పేర్లున్నాయి. బార్లకు రంగులు కేటాయించే 'స్కేల్ ఫిల్ మాన్యువల్' ఫంక్షన్‌కు పేర్లున్న వెక్టర్ ఇస్తే, అది ఆ పేర్లను మీ డేటాలోని కేటగిరీల పేర్లతో జతపరచడానికి చూస్తుంది. మీ డేటాలో ఉన్నవేమో ఇంజినీరింగ్, నర్సింగ్, లా వంటి కాలేజీలు. ఏ ఒక్క పేరూ కలవదు కనుక, విలువ దొరకని వాటికని కేటాయించిన బూడిద రంగును అన్నిటికీ పులిమేస్తుంది. 'అన్‌నేమ్' ఫంక్షన్‌తో పేర్లు తీసేసి ఇస్తే రంగులు వెంటనే కనబడతాయి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, ఒకప్పుడు నేనూ ఆగిపోయాను.

పేర్లు తీసేసిన వెక్టర్‌లోని రంగులు కేటగిరీల వరుస ప్రకారం పడతాయి. మా వార్షిక నివేదికలో ఒక పేజీకి మాత్రం, విద్యార్థులు మరీ తక్కువగా ఉన్నారని, వరుసలో మొదట వచ్చే కాలేజీని ఫిల్టర్ చేసి తీసేశాం. దానితో మిగిలిన కాలేజీల రంగులన్నీ ఒక్కో మెట్టు ముందుకు జరిగాయి. ముందు పేజీలో లా కాలేజీకి ఉన్న రంగు ఈ పేజీలో నర్సింగ్‌కు వచ్చింది. గ్రాఫు కింద రంగుల సూచిక సరిగానే ఉంది కాబట్టి సాంకేతికంగా తప్పేమీ లేదు. కానీ సమావేశంలో ఉన్నవారు ముందు పేజీ రంగులనే గుర్తుపెట్టుకుని, లా కాలేజీలో ప్రవేశాలు ఎందుకు పెరిగాయని చాలాసేపు చర్చించారు. ఆ గది చివర కూర్చుని అది విన్న రోజే పాలెట్‌ను రెండు అంచెలుగా రాయడం మొదలుపెట్టాను.

మొదటి అంచెలో యూనివర్సిటీ ఇచ్చిన రంగులు మాత్రమే, వాటి అధికారిక పేర్లతో, ఒకే ఫైలులో ఉండాలి. రెండో అంచెలో ఏ కాలేజీకి ఏ రంగో చెప్పే మరో వెక్టర్ ఉండాలి, అందులో పేర్లు కాలేజీలవి, విలువలు మొదటి అంచె నుంచి తెచ్చుకున్నవి. గ్రాఫుకు ఇచ్చేది ఈ రెండోదే. తెచ్చుకునేటప్పుడు తప్పనిసరిగా జంట చదరపు బ్రాకెట్లు వాడండి. ఒంటి బ్రాకెట్ వాడితే రంగు పేరు కూడా వెంట వచ్చి, 'నర్సింగ్' అని మీరు రాసిన చోట 'నర్సింగ్' చుక్క 'బ్లూ' అనే కొత్త పేరు తయారవుతుంది, బార్లు మళ్లీ బూడిద రంగులోకి పోతాయి. ఈ ఒక్క బ్రాకెట్ కోసం ఒక మధ్యాహ్నమంతా పోగొట్టుకున్నాను.

ఇక రంగుల విలువల సంగతి. పీడీఎఫ్‌లోని లోగో మీద రంగు పట్టే సాధనం పెట్టి తీసుకోవద్దు. ప్రింటింగ్ కోసం ఇచ్చిన సిరా నిష్పత్తులు వేరు, స్క్రీన్ కోసం ఇచ్చిన ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) విలువలు వేరు, మీకు కావలసినవి రెండోవి. మిషిగన్ పసుపు, అంటే మొక్కజొన్న రంగు, 255, 203, 5. నీలం 0, 39, 76. తెల్లని నేపథ్యం మీద ఈ నీలానికి కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) సుమారు 15:1 ఉంటే, ఆ పసుపుకు 1.5:1 మాత్రమే ఉంది. గ్రాఫుల్లోని ముఖ్య భాగాలకు కనీసం 3:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. కాబట్టి తెల్ల కాగితం మీద పసుపు గీత గీస్తే ప్రొజెక్టర్‌లో అది ఉన్నట్టే తెలియదు. అదే పసుపు నీలం మీద అయితే దాదాపు 10:1తో దివ్యంగా కనబడుతుంది. ఈ జంటను ఎంచుకున్నది లోగోలకూ జెండాలకూ జెర్సీలకూ గానీ సన్నని గీతలకు కాదు కదా.

క్యాంపస్ స్థలాల పేర్లతో ఉన్న ద్వితీయ రంగులు మీకు పనికొస్తాయి, కానీ వాటినీ పరీక్షించాలి. టాపన్ రెడ్, ఆర్బొరీటమ్ బ్లూ పక్కపక్కన చూస్తే ఎంతో వేరు, నలుపు-తెలుపులో ముద్రిస్తే మాత్రం రెండూ ఇంచుమించు ఒకే బూడిద రంగు. ఆర్‌లోని 'కలర్‌స్పేస్' ప్యాకేజీలో ఉన్న 'డీశాచురేట్', 'డ్యూటాన్' ఫంక్షన్లతో ముద్రణలోనూ, వర్ణాంధత ఉన్నవారి కంటికీ మీ పాలెట్ ఎలా కనబడుతుందో నిమిషంలో చూసుకోవచ్చు. ఉత్తర ఐరోపా మూలాల పురుషుల్లో నూటికి సుమారు 8 మందికి ఎరుపు-ఆకుపచ్చ వర్ణాంధత ఉంటుందని గుర్తుంచుకోండి. నాలుగైదు రంగులు దాటాక నేనైతే కొత్త రంగు వెతకను. చెప్పదలచిన కాలేజీకి నీలం ఇచ్చి, మిగిలినవాటిని లేత బూడిదలో ఉంచి, పేర్లు గీతల చివరే రాస్తాను.

హీట్‌మ్యాప్‌కు పసుపు నుంచి నీలానికి నేరుగా మెట్లు వేయవద్దు. 'కలర్ ర్యాంప్ పాలెట్' ఫంక్షన్‌తో ఆ రెంటి మధ్య బిందువు తీస్తే సుమారు 128, 121, 41 వస్తుంది, అది చెరువు గట్టు మీద పాచి రంగు. తక్కువ నుంచి ఎక్కువకు పోయే విలువలైతే తెలుపుకు దగ్గరగా ఉన్న లేత నీలంతో మొదలుపెట్టి అధికారిక నీలంలో ముగించండి. సున్నాకు అటూ ఇటూ పోయే విలువలైతే మధ్యలో లేత బూడిద పెట్టండి. పసుపు కొసన అప్పుడు కొంత ముదురు పసుపు అవసరమవుతుంది. అది అధికారిక రంగు కాదని బ్రాండ్ విభాగంవారు అనవచ్చు, మావారూ అన్నారు. గ్రాఫు శీర్షికలోనూ లోగోలోనూ అసలు రంగులు ఉంచుతామని చెప్పి ఒప్పించుకున్నాం.

పైథాన్‌లోనూ ఇదే పద్ధతి, వెక్టర్‌కు బదులు డిక్షనరీ (పేరు-విలువ జతల జాబితా) రాసి, గ్రాఫులు గీసే లైబ్రరీ సీబోర్న్‌లోని 'పాలెట్'కు ఇవ్వాలి. అక్కడ ఒక కాలేజీ పేరు తప్పిపోతే ఎర్రర్ ఇచ్చి పని ఆపేస్తుంది, నాకు ఆ మొండితనమే నచ్చుతుంది. ఆర్‌లో గ్రాఫుకు ముందు 'స్టాప్ ఇఫ్ నాట్'తో, డేటాలోని కాలేజీలన్నీ పాలెట్ పేర్లలో ఉన్నాయో లేదో చూసే ఒక్క వరుస రాసుకోండి. కొత్త విభాగం తెరిచిన ఏడాది బూడిద బార్లు నివేదికలోకి వెళ్లకముందే మీ కోడ్ మీ దగ్గరే ఆగుతుంది.