జాకెట్ కుట్లలోంచి నీళ్లు దిగుతుంటే ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా?

నాలుగేళ్ల కిందట ట్రెక్కింగ్‌కు కొన్న వాన జాకెట్ ఇప్పుడు భుజాల దగ్గర తడుస్తోందని, టెంట్ పైకప్పు కుట్ల వెంట బొట్లు పడుతున్నాయని, దర్జీ చేత ఇంకో వరుస కుట్టు వేయిస్తే సరిపోతుందా లేక రెండూ తీసేసి కొత్తవి కొనుక్కోవాలా అని మీరు అడిగారు. గుడ్డ మీది పూత బాగున్నంత వరకు కొత్తవి కొనవలసిన పని లేదు. దర్జీ దగ్గరికి మాత్రం దయచేసి తీసుకువెళ్లకండి.

నీళ్లు దిగని గుడ్డలో బలహీనమైన చోటు కుట్టే. మిషను సూది దిగిన ప్రతిసారీ గుడ్డకు ఒక రంధ్రం పడుతుంది. అంగుళానికి ఎనిమిది, పది చొప్పున పడే ఆ రంధ్రాలను మూయడానికే కంపెనీవాళ్లు లోపలివైపు కుట్టు పొడవునా ఒక సన్నని టేపును వేడితో అతికిస్తారు. లేబుల్ మీద 10,000 మి.మీ. అని ఉంటే, పది మీటర్ల ఎత్తు నీటి స్తంభం ఒత్తిడిని ఆ గుడ్డ తట్టుకుంటుందని అర్థం. అయితే అది గుడ్డకు చెప్పిన లెక్క, టేపు ఊడిపోయిన కుట్టుకు వర్తించదు. ఇంకో వరుస కుట్టు వేయించడమంటే ఇంకో వరుస రంధ్రాలు వేయించడమే.

ఈ సంగతి నాకు 2022 జూలైలో కళ్‌సూబాయి ఎక్కేటప్పుడు అనుభవంలోకి వచ్చింది. 1,646 మీటర్లతో మహారాష్ట్రలోకెల్లా ఎత్తయిన ఆ శిఖరానికి బారీ గ్రామం నుంచి వెళ్లే దారిలో, రాతికి బిగించిన ఇనుప నిచ్చెనలు ఎక్కవలసి వస్తుంది. చేతులు పైకెత్తి కమ్మీ పట్టుకున్న ప్రతిసారీ బ్యాగు పట్టీ భుజం మీద బిగుసుకొని, సరిగ్గా ఆ పట్టీ కిందనే చల్లగా నీరు దిగడం తెలిసింది. ఇంటికి వచ్చి జాకెట్ తిరగేసి చూస్తే, భుజం కుట్టు మీది టేపు జానెడు పొడవున లేచి, పాతబడిన బ్యాండేజీ అంచులా చుట్టుకుపోయి ఉంది. దాని కింద చెమట, దుమ్ము కలిసి నల్లని జిడ్డుగీత కట్టాయి. పట్టీ రాపిడి, చెమట రెండూ కలిసే చోటు కాబట్టి భుజం కుట్లే ముందుగా దెబ్బతింటాయని ఆ తరువాత స్నేహితుల జాకెట్లు చూసి కూడా గ్రహించాను.

మరమ్మతుకు ముందు, అసలు కారుతున్నది కుట్టేనా అన్నది తేల్చుకోవాలి. కొత్త జాకెట్ మీద వాన తామరాకు మీది నీటిబొట్టులా జారిపోతుంది. పైనున్న ఆ నీటిని తోసే గుణం అరిగిపోయాక బయటి గుడ్డ నీటిని పీల్చుకొని బరువెక్కుతుంది, లోపలి చెమట ఆవిరి బయటికి పోలేక చర్మం మీదే చెమ్మగా నిలిచిపోతుంది. అప్పుడు వీపంతా ఒకేలా తడిగా ఉంటుంది. కుట్టు కారితే తడి ఒక గీతలాగానో ఒక మచ్చలాగానో కనిపిస్తుంది. మొదటిదే మీ సమస్య అయితే మెత్తని ద్రవ సబ్బుతో ఉతికి, సబ్బు పూర్తిగా పోయేలా జాడించి, ఆరాక పైన తువ్వాలు పరిచి తక్కువ వేడితో ఇస్త్రీ చేస్తే చాలావరకు కోలుకుంటుంది. బట్టలను మెత్తబరిచే కండిషనర్లు మాత్రం వాడకూడదు.

కుట్టును పరీక్షించడానికి, లోపలివైపు బయటికి వచ్చేలా జాకెట్‌ను తిరగేసి, అనుమానం ఉన్న భాగాన్ని సంచిలా పట్టుకొని అందులో చెంబుడు నీళ్లు పోయండి. అలా పోస్తే నీళ్లు వాన తగిలే ముఖం మీద నిలుస్తాయి, లోపలి ముఖం మీ కళ్ల ముందు ఉంటుంది. రెండు మూడు నిమిషాలు ఓపికపడితే కారే చోట ఆవగింజంత బొట్టు పుట్టి, నెమ్మదిగా పెరిగి, జారుతుంది. ఆ చోటును ప్లాస్టిక్ బట్టల క్లిప్పుతో గుర్తు పెట్టుకోండి, పిన్నీసు గుచ్చితే మళ్లీ కొత్త రంధ్రం. జాకెట్‌కు విడిగా వేలాడే జాలీ లైనింగ్ ఉంటే టేపు దాని వెనక దాగి ఉంటుంది కాబట్టి, కింది అంచు దగ్గర లైనింగ్ కుట్టు కొద్దిగా విప్పి చేయి లోపలికి పోనివ్వవలసి వస్తుంది.

ఆ తరువాతి పనిలో ముప్పాతిక వంతు శుభ్రం చేయడమే, చాలామంది తొందరపడేది కూడా ఇక్కడే. జిడ్డు మీద ఏ జిగురూ నిలవదు. జాకెట్‌ను ఉతికి ఫ్యాను కింద రెండు రోజులు ఆరనిచ్చి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో టేపు కింద, కుట్టు మీద మెల్లగా తుడవాలి. దూదికి నలుపు అంటడం ఆగేవరకు మారుస్తూ తుడవాలి. గట్టిగా రుద్దితే పూత లేచిపోతుంది. టేపు కొద్ది మేరకే లేచి ఉంటే, పాలీయురేథేన్ సీలెంట్‌ను, అంటే నీరు దిగకుండా రంధ్రాలను మూసే జిగురును, అగ్గిపుల్లతో దాని కింద పలచగా పూసి, టేపును వేలితో మధ్య నుంచి అంచులకు నొక్కి, బటర్ పేపర్ పరిచి పైన లావుపాటి పుస్తకాలు పెట్టండి. నేను గేర్ ఎయిడ్ వారి సీమ్ గ్రిప్ డబ్ల్యూపీ వాడాను. అది గట్టిపడడానికి ఎనిమిది నుంచి పన్నెండు గంటలు పడుతుంది, నేను ఒక రోజంతా కదపలేదు. మందంగా పూస్తే బలంగా ఉంటుందనుకోవడం పొరపాటు. మందపు పూత మడత పడే చోట బిరుసుగా తయారై అంచు నుంచి లేస్తుంది. క్షణంలో అతికే జిగురైతే గాజులా గట్టిపడి, మొదటి మడతకే విరిగిపోతుంది.

టేపు మూరెడు పొడవున ఊడివుంటే దాన్ని పూర్తిగా తీసేసి, పాత జిగురు తుడిచి, ఇస్త్రీతో అతికే కొత్త సీమ్ టేపు వేయడం మేలు. లోపల సన్నని అల్లిక గుడ్డ ఉన్న మూడు పొరల జాకెట్‌కు అల్లిక వీపు ఉన్న టేపు, లోపల నున్నని పూత మాత్రమే ఉన్నదానికి సాదా టేపు తీసుకోవాలి. ఇస్త్రీ పెట్టెలో ఆవిరి ఆపేసి, వేడి తక్కువలో ఉంచి, మధ్యలో నూలు రుమాలు వేసి, కనిపించని ఒక మూలన ముందు చిన్న ముక్క అతికించి చూసుకోండి. నొక్కిన చోట వెంటనే పెట్టె తీసేసి చూడాలనిపిస్తుంది కాని, జిగురు పట్టు బిగిసేది చల్లారేటప్పుడు; అందుకని పెట్టె జరిపిన వెంటనే ఆ భాగాన్ని చెక్క గరిటె వీపుతో అదిమి ఉంచడం నాకు బాగా పనికివచ్చింది.

టెంట్ విషయంలో ముందు తెలుసుకోవలసింది దాని పూత ఏమిటన్నది. మన దగ్గర మామూలుగా దొరికే టెంట్లలో ఎక్కువ వాటికి పాలీయురేథేన్ పూత ఉంటుంది, తేలికపాటి ఖరీదైనవాటికి సిలికాన్ పూత ఉంటుంది. మామూలు సెల్లోటేపు ముక్క అంటిస్తే పాలీయురేథేన్‌కు పట్టుకుంటుంది, సిలికాన్ మీద నిలవకుండా జారిపోతుంది. సిలికాన్‌కు సిలికాన్ సీలెంట్ తప్ప ఇంకేదీ పట్టదు. పాలీయురేథేన్‌కు పాలీయురేథేన్ సీలెంటే వాడాలి. ఇది తెలియక నేను మొదటిసారి జాకెట్ భుజానికి అద్దాల కిటికీలకు వాడే సిలికాన్ పూశాను. ఆ రాత్రి చూడడానికి చక్కగా ఉంది. వారం తరువాత గోటితో అంచు లేపితే, వేసిందంతా ఒక్క ముక్కగా, రబ్బరు దారంలా చేతిలోకి వచ్చేసింది, దాన్ని మళ్లీ తుడిచి శుభ్రం చేయడానికి ఒక ఆదివారం పట్టింది.

సిలికాన్ టెంట్ అయితే సిలికాన్ సీలెంట్‌ను మినరల్ టర్పెంటైన్‌తో పలచని తేనెలా కలిపి, కిటికీలు తెరిచి, దగ్గరలో మంట లేకుండా చూసుకొని, బిగించి నిలబెట్టిన టెంట్ కుట్ల మీద చిన్న బ్రష్‌తో పూయాలి. ఆరాక కూడా అది కొద్దిగా అంటుకుంటుంది కనుక పైన ముఖానికి రాసుకునే పౌడర్ చల్లి దులిపితే, మడతపెట్టినప్పుడు గుడ్డ గుడ్డకు పట్టుకోదు.

ఒక సందర్భంలో మాత్రం ఈ శ్రమ వృథా. లోపలి పూత బంకలా చేతికి అంటుతున్నా, పొట్టులా రాలుతున్నా, పులిసిన వాసన వేస్తున్నా, తేమ వల్ల పాలీయురేథేనే విచ్ఛిన్నమవుతోందని అర్థం. అప్పుడు కుట్టు మూసినా గుడ్డంతటా నీరు దిగుతుంది. మా విశాఖపట్నంలో సముద్రపు తేమకు, అటక మీది వేడికి నా పాత టెంట్ ఇలాగే పాడైంది. అప్పటినుంచి బాగుచేసిన జాకెట్‌ను చుట్టి కట్టకుండా, గాలి తగిలే గదిలో హ్యాంగరుకు వేలాడదీస్తున్నాను. ప్రతి జూన్‌లో భుజాల మీద అదే చెంబు పరీక్ష చేస్తున్నాను. మిగిలిన సీలెంట్ ట్యూబు మూత బిగించి ఫ్రీజర్‌లో పెడితే ట్యూబులోనే గట్టిపడిపోకుండా మరో వానాకాలానికి పనికివస్తుంది.